తూటా మెడకు తగిన బుష్షు



కొన్నాళ్ల క్రిందట మా భిక్నూరు సిద్ధరామేశ్వరస్వామి గుడి మండపమున కూర్చుండియుండగా, నా యీడువారైన ఒక రైతుమిత్రులు వచ్చి తమ ఫోను నా చేతికిచ్చి, "పంతులుగారూ, ఇది చదివి పెట్టుడు, మనుమడు మెడకేదో పెట్టుకొన్నానని వ్రాసినాడు, వానికేమైనదో" అనిరి. ఆయన ముఖమున దిగులు కనబడినది. ఆ మనుమడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. సెలవుదినములలో మైదానమునకు పోయి రైఫిలుతో గురి కొట్టుట అతని వినోదము. కాల్చిన తూటాలను పారవేయక, తానే మరల నింపుకొనునట. అతడు వ్రాసిన దిది: "మెడకు 0.336 బుష్షు పెట్టితిని, పట్టు చాలుట లేదు, 0.334 పెట్టవలె ననుకొనుచున్నాను."

మెడ మనుమనిది కాదు, తూటాది అని చెప్పగా మిత్రులు నవ్విరి. కాని వెంటనే రెండవ ప్రశ్న వేసిరి: "అది సరే, వాడు చేయుచున్న పని సరియైనదేనా? తప్పైనచో చేతిలో ప్రేలునా?" ఆ ప్రశ్నకు ఆనాడు నేను చెప్పిన సమాధానమునే కొంచెము విస్తరించి నేడు మీకు విన్నవించుచున్నాను.

మొదట ఒక హెచ్చరిక. మన దేశమున తుపాకి గాని తూటా గాని అనుమతి లేక తయారుచేయుట 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము నేరము. అమెరికాలో తన సొంత వాడుకకు తూటాలు నింపుకొనుటకు ఆ దేశపు కేంద్రప్రభుత్వ అనుమతి అక్కరలేదు. కావున ఇది ఇక్కడ చేయుమని చెప్పు మాట కాదు. దూరదేశమున మన బిడ్డలు చేయుచున్న పని యెట్టిదో తెలిసికొనుటకు మాత్రమే. మందు ఎంత పోయవలెనను లెక్కల జోలికి నేను పోను.

తూటా అనగానే మన పెద్దలకు 1857వ సంవత్సరపు తిరుగుబాటు జ్ఞప్తికి వచ్చును. ఎన్‌ఫీల్డు తుపాకి తూటాలకు పూసిన కొవ్వును గూర్చిన వదంతి ఆ మంటకు నిప్పురవ్వ యయ్యెను. ఆ తూటా కాగితపు పొట్లము. సిపాయి దానిని పంటితో చించి మందును తుపాకిలో పోయవలెను. దానికి మెడ లేదు, మెడ గొడవయు లేదు. ఆ తరువాతి కాలమున ఇత్తడి తూటా వాడుకలోనికి వచ్చినది.

ఇత్తడి తూటాకు నాలుగు అంగములు. మొదటిది ఇత్తడి కోశము. ఇందు నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము. రెండవది అడుగున నుండు రంజకపు టోపీ. మూడవది లోపలి మందు. నాలుగవది కొనయందు బిగిసియుండు గుండు. కోశము ఆకారము మన చెంబువంటిది. క్రింద కడుపు, పైన ఏటవాలు భుజము, ఆపైన సన్నని మెడ. ఆ మెడయే గుండును పట్టియుంచును.

అన్ని తూటాలు మరల నింపుటకు పనికిరావు. రంజకము అడుగు మధ్యలో విడిగా నున్నచో పాత టోపీని తీసి క్రొత్తది పెట్టవచ్చును. 1860ల దశకమున ఇంగ్లండువాడగు బాక్సరు ఒక తీరు టోపీని, అమెరికావాడగు బెర్డాను మరియొక తీరు టోపీని కల్పించిరి. వింత యేమనగా, ఇంగ్లీషువాని తీరు అమెరికాలో స్థిరపడెను. అమెరికావాని తీరు ఐరోపాలో వ్యాపించెను. బాక్సరు పద్ధతిలో మంట పోవు రంధ్రము ఒక్కటే, అదియు నడిమిని. కావున పై నుండి సన్నని సూదితో పాత టోపీని త్రోసివేయుట సులభము. ఇంటిలో తూటా నింపుకొనువారికి ఇదియే అనుకూలము.

మన హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్కు క్రీడలలో కంచు పతకము తెచ్చినది పది మీటర్ల గాలి రైఫిలుతో. అందు మందే లేదు. కుదించిన గాలి చిన్న సీసపు గుండును తోయును. ఏబది మీటర్ల పోటీలలో వాడు చిన్న తూటాకు రంజకము అడుగు అంచు లోపలనే యుండును. సుత్తి దెబ్బకు ఆ అంచు నలిగిపోవును గావున దానిని మరల నింపుట కుదరదు. కాబట్టి మనవారు పేరుపొందిన ఆ పోటీలకు ఈ విద్యతో పని లేదు. దూరపు గురికి పెద్ద రైఫిలు పట్టువారికే ఇది కావలసినది.

ఇక మెడ సంగతి. తుపాకి ప్రేలినపుడు లోపలి వాయువుల ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి, తాను కూర్చున్న గది గోడలకు అంటుకొనును. అట్లు అంటుకొనుటవలననే వాయువు వెనుకకు రాక కాల్చువాని ముఖము క్షేమముగా నుండును. ఒత్తిడి తగ్గగానే ఇత్తడి కొంచెము ముడుచుకొనును గాని, మునుపటి కొలతకు రాదు. మెడ వెడల్పుగనే మిగులును. అందులో క్రొత్త గుండును పెట్టినచో పట్టు లేక లోపలికి జారిపోవును. కావున మెడను మరల సన్నము చేయవలెను. ఆ పనికి ఉక్కు అచ్చు ఒకటి కలదు. దానిని డై అందురు.

పాత పద్ధతి డై మెడను కావలసిన దానికంటె మిక్కిలి సన్నముగా నొక్కును. తరువాత దాని లోపలి ఉక్కు గుండ్రము మెడలోనుండి వెనుకకు వచ్చుచు దానిని మరల వెడల్పు చేయును. ఒకసారి నలిపి, వెంటనే సాగదీసినట్లు. ఇందువలన ఇత్తడి వృథాగా అలసిపోవును. ఒక్కొక్కప్పుడు మెడ ప్రక్కకు ఒరగును. ఈ దోషమును తప్పించుటకు వచ్చినదే బుష్షు. ఇది డై లోపల పెట్టు చిన్న ఉక్కు కడియము. దాని రంధ్రము ఎంతో అంతకే మెడ నొక్కబడును. వేర్వేరు రంధ్రములు గల కడియములు దొరకును. ఏది కావలెనో దానిని వేసికొనవచ్చును. కాబట్టి ఈ విద్యయంతయు ఒక్క ప్రశ్నలో నిమిడియున్నది: ఏ కడియము?

కొలతను ముందుగా తెలిసికొందము. అంగుళమును వేయి భాగములు చేసినచో అందొక్కటి ఇచ్చట "భాగము" అని తలంపుడు. మనుష్యుని తలవెంట్రుక మందము సుమారు మూడు భాగములుండును. కడియములు ఒక్కొక్క భాగము తేడాతో దొరకును. అనగా వెంట్రుకను నిలువున మూడుగా చీల్చిన యంత తేడా. కంటికి కనబడదు, వ్రేలికి తెలియదు. మైక్రోమీటరు అను కొలసాధనమే దానికి సాక్షి.

ఇందు మొదటి పొరపాటు పేరును నమ్ముట. మన పోలీసులవద్ద బహుకాలము వాడుకలో నున్న "త్రీ నాట్ త్రీ" తుపాకి పేరు 303. కాని దాని గుండు వ్యాసము సుమారు 311 భాగములు. ఏలయనగా తుపాకి గొట్టము లోపల మరచుట్టుగా గాడులుండును. 303 అనునది గాడుల నడిమి మిట్టలనుండి కొలిచినది. గుండు గాడులలోతువరకు నిండవలెను గనుక పెద్దది. కావున పేరును బట్టి కాక, కొలిచియే బుష్షును ఎన్నుకొనవలెను.

కొలుచు విధము రెండు తీరులు. మొదటిది సులభము. తన కోశములలోనే, తాను వాడు గుండును కూర్చిన నాలుగైదు తూటాలను తీసికొని మెడ బయటి వ్యాసమును కొలువవలెను. అందులోనుండి రెండు భాగములు తగ్గించిన కడియము సామాన్యముగా సరిపోవును. రెండవది లెక్కతో కూడినది. గుండు వ్యాసమునకు మెడగోడ మందమును రెండింతలు చేర్చవలెను. ఉదాహరణకు గుండు 308 భాగములు, గోడ 15 భాగములు. రెండువైపులకు 30 చేర్చగా 338. ఇది నిండిన తూటా మెడ కొలత. అందు రెండు తగ్గింపగా 336. మన మిత్రుల మనుమడు పెట్టిన కడియము ఇదియే. అతని మొదటి ఎన్నిక సరియైనదే యన్నమాట.

రెండే ఎందుకు? ఇచ్చట ఇత్తడి స్వభావము తెలియవలెను. 336 కడియములో నొక్కినపుడు మెడ లోపలి వ్యాసము 336లో 30 పోగా 306. కాని కడియమునుండి బయటికి రాగానే ఇత్తడి సుమారు ఒక భాగము వెనుకకు తెరచుకొనును. వెదురుబద్దను వంచి విడిచినపుడు కొంచెము తిరిగి వచ్చుట మీరు చూచియుందురు, ఇదియు అట్టిదే. అప్పుడు లోపలి వ్యాసము 307. అందు 308 గుండు కూర్చుండును. పట్టు ఒక్క భాగము. తీరికగా ఒక్కొక్క తూటాను చేతితో పెట్టి కాల్చువారికి ఈపాటి పట్టు చాలును. పెట్టెలో వరుసగా పేర్చి, దెబ్బమీద దెబ్బ కాల్చు తుపాకికి కొంచెము ఎక్కువ కావలెను. ఏలయనగా ప్రేలుడు అదటుకు పెట్టెలోని తూటాల గుండ్లు లోపలికి జారరాదు. గుండు లోపలికి దిగిన కొలది మందునకు చోటు తగ్గి, ఒత్తిడి పెరుగును. మిత్రులడిగిన ప్రమాదము నిజముగా నున్నది ఇచ్చటనే. పట్టు చాలకపోవుట చిన్న విషయము కాదు.

అట్లయిన గట్టిగా బిగించుటయే మేలు గదా యని మీ రందురు. నేనును ఒకప్పుడట్లే అనుకొంటిని. ఆ కథ చెప్పెదను. నేను క్రొత్తగా బడిపంతులైన దినములలో మా యింటి బండిచక్రమునకు ఇనుపపట్టా వేయవలసి వచ్చెను. కమ్మరి త్రాటితో చక్రము చుట్టుకొలత తీసి, పట్టాను అంతకంటె కొంచెము తక్కువ చేసి, పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, చక్రమునకు తొడిగి నీళ్లు పోయును. పట్టా చల్లారి ముడుచుకొని చక్రమును పట్టుకొనును. ఇది మీరందరు ఎరిగినదే. నాకు చదువు గర్వము. "ఇంకను తక్కువ చేయుము, ఇక పదేండ్లు ఊడకుండవలెను" అని పట్టుపట్టితిని. కమ్మరి "వద్దు దొరా, కట్టె ఓర్వదు" అని రెండుసారులు చెప్పి, నా మాట కాదనలేక చేసెను. చక్రము చూచుటకు చక్కగా నుండెను. కాని పూటీలు లోపలికి ఒత్తగా ఆకులకు ఊపిరాడక ఒంగినవి. ఆ యేడే చెఱకు బరువుతో పోవుచుండగా రెండు ఆకులు కుండవద్ద విరిగి బండి కూలినది. కుడి యెద్దు మోకాలు దెబ్బతిని ఆ సంవత్సరము దుక్కికి రాలేదు. మా తండ్రిగారు నన్ను ఒక్క మాటయు అనలేదు. ఆ యెద్దుకు తామే ఆకుపసరు కట్టుచుండిరి. తప్పు కమ్మరిది కాదు, నాది. పట్టు వేరు, ఒత్తిడి వేరు అని నాకప్పుడు తెలిసినది.

తూటామెడయు అంతే. కడియము మరీ చిన్నదైనచో గుండును దించునపుడు దాని పై రాగిపొర గీచుకొని పోవును. లేదా గుండు వంకరగా దిగును. ఆపైన పట్టు ఒక్క మితము దాటిన పిమ్మట పెరుగదు. గుండే మెడను సాగదీసి తన దారి చేసికొనును. ఒత్తిడి మాత్రము లోహములో మిగిలిపోవును. అట్లు లోహములో దాగిన ఒత్తిడి ఏమి చేయగలదో మన దేశముననే తెలిసినది. ఆంగ్లేయుల సైన్యములు ఇచ్చట నున్న కాలమున వానదినములలో తూటాలను గుఱ్ఱపుసాలలలో నిలువచేయుట కలదు. వానలు వెలసిన పిమ్మట చూడగా చాల తూటాలు, ముఖ్యముగా గుండును పట్టియున్న మెడవద్ద, పగిలియుండెను. ఎవరును కాల్చలేదు, ఎవరును కొట్టలేదు. కారణము చాలకాలము తెలియలేదు. 1921లో మూరు, బెకిన్‌సేలు, మాలిన్‌సను అను శాస్త్రజ్ఞులు దానిని విప్పిచెప్పిరి. గుఱ్ఱముల మూత్రమునుండి పుట్టు అమోనియా వాయువు ఒకటి, తయారుచేయునపుడు ఇత్తడిలో మిగిలిన ఒత్తిడి రెండవది. ఈ రెండును కలిసినచో ఇత్తడి తనంత తానే పగులును. ఒత్తిడి లేని ఇత్తడికి ఆ చెరుపు అంతగా అంటదు.

దీనికి మందు మన కంచరులకు తరతరాలుగా తెలిసినదే. ఇత్తడి చెంబును సుత్తితో కొట్టిన కొలది అది బిరుసెక్కును. ఇంకను కొట్టినచో చిట్లును. అప్పుడు కంచరి దానిని కొలిమిలో కాచి మెత్తపరచి మరల కొట్టును. జనగామదగ్గరి పెంబర్తి రేకుపనివారు నేటికిని ఇట్లే చేయుదురు. కాచిన ఉక్కును నీట ముంచినచో గట్టిపడును. కాచిన ఇత్తడిని నీట ముంచినను మెత్తగనే యుండును. తూటాలు నింపువారును మెడను మాత్రము కాచి మెత్తపరతురు. సైన్యపు తూటాలను చూచినవారు మెడవద్ద నీలిరంగు కలిసిన మరకను గమనించియుందురు. అది కాచిన గుర్తు. కాని కోశము అడుగును ఎన్నడును కాచరాదు. ప్రేలుడు ఒత్తిడిని ఓర్చునది ఆ అడుగే. అది మెత్తబడినచో ప్రమాదము కాల్చువానికే.

ఇప్పుడు మన మిత్రుల మనుమని ప్రశ్నకు వత్తము. 336 కడియము మొదట సరిపోయినది. ఇప్పుడు పట్టు చాలుటలేదు. కడియము మారలేదు, గుండు మారలేదు. మారినది ఏది? మిత్రులచేత ఒక్క ప్రశ్న అడిగించితిని: "ఆ కోశములు ఎన్నిసార్లు కాల్చినవి? మెడ కాచితివా?" మరునాడు జవాబు వచ్చినది: ఆరేడు మారులు కాల్చినవి, ఒక్కసారియు కాచలేదు. అందులోనే గుట్టు బయటపడినది. ప్రేలుడునకు ఉబ్బి, కడియములో నలిగి, ఆ యిత్తడి బిరుసెక్కినది. బిరుసైన ఇత్తడి ఎక్కువగా వెనుకకు తెరచుకొనును. మునుపు ఒక భాగము తెరచుకొన్నది ఇప్పుడు ఒకటిన్నర, రెండు భాగములు తెరచుకొన్నచో, లోపలి వ్యాసము 308కి చేరువయగును. అందు 308 గుండు నిలుచుట యెట్లు?

అట్టిచోట ఒక్కసారిగా 334కు దిగుట రోగమును విడిచి లక్షణమునకు మందు వేసినట్లు. పట్టు కొన్నాళ్లు కనబడును, బిరుసు పెరుగుచునే యుండును. తుదకు మెడ చీలును. పైగా క్రొత్త కోశములును పాతవియు కలిపి అదే కడియములో నొక్కినచో, మెత్తనిదానికి మూడు భాగముల పట్టు, బిరుసైనదానికి అంతకంటె తక్కువ. ఒక గుండు బిగువుగాను, మరియొకటి వదులుగాను వెడలినచో వేగములు వేరగును. దగ్గర గురిలో ఇది తెలియదు. వేయి గజముల దూరమున ఒక గుండు పైకి, ఒకటి క్రిందికి పోవును. కాల్చువాడు తన చేతిని, గాలిని నిందించుకొనుచుండును.

కావున నేను చెప్పిన వరుస ఇది. మొదట మెడలను కాచుము; కాచుట తెలిసినవానివద్ద నేర్చుకొని చేయుము. తరువాత అదే 336 కడియముతో నొక్కి కొలువుము. ఇంకను చాలకున్నచో 335కు దిగుము. ఒక్కొక్క భాగమే దిగవలెను, దిగిన ప్రతిసారి కొలువవలెను. వేరొక కంపెనీ కోశము కొన్నచో లెక్క మొదటినుండి చేయవలెను. గోడ మందము కంపెనీ కంపెనీకి మారును. మెడ చాల ఎక్కువ ఉబ్బియున్నచో ఒకే కడియముతో ఒక్క ఊపున దించక, నడుమ మరియొక కడియము వేసి రెండు విడతలుగా దింపవలెను. లేనిచో మెడ ఒరగును.

ఇంకొక సూక్ష్మము గలదు. బుష్షు మెడను బయటినుండి నొక్కును. గోడ ఒకవైపు మందము, ఒకవైపు పలుచన అయినచో, బయట గుండ్రముగ నుండి ఆ వంకర లోపలికి చేరును. అందుచే శ్రద్ధగలవారు మెడగోడను ముందుగా సమముగా చెక్కుకొందురు. కడియమును కూడ డైలో బిగించివేయరు. పై మూతను కొంచెము వదులుచేసి, ఊపినపుడు చిన్నగా గలగల చప్పుడు వినబడునట్లుంచుదురు. అట్లుండిననే అది మెడను వెదకుకొని దాని నడిమిని కూర్చుండును. బిగించుటకు పుట్టిన కడియము తాను కొంచెము వదులుగా నుండుట చూడుడు!

మిత్రులు ఈ మాటలన్నియు మనుమనికి పంపిరి. వారమైన తరువాత జవాబు వచ్చినది. మెడలు కాచినాడట, 336 కడియమే చాలినదట. కొనదలచిన 334 కడియము కొనలేదట. మిత్రులు నాకు ఆ సంగతి చెప్పుచు, "మీ కుడి యెద్దు కథకూడ వానికి వ్రాసినాను" అనిరి. నేనేమియు అనలేదు. ఆ యెద్దు పోయి చాల యేండ్లైనది. దాని మోకాలు నేర్పిన పాఠము సముద్రము దాటి ఒక బిడ్డకు పనికివచ్చినది గదా యని తృప్తిపడితిని.

పెద్దలారా, మీ బిడ్డలు దూరదేశములనుండి తెలియని మాట వ్రాసినచో, అది మనకు కాదులే యని విడువకుడు. అడుగుడు. దాని లోపల మీకు తెలిసిన చక్రమో, చెంబో, కొలిమియో తప్పక దొరకును. సెలవు.